ఆ పట్టిక ఎవరు రాశారు

ఇది 2019లో జరిగింది. కర్నూలు పాత బస్టాండు వెనక, ఒక మేడ మీద మా చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు ఉండేది. అప్పటికి ఆరేళ్ల ముందే, పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన తెలుగును ఫోన్లలో చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాం రాసి, అందరూ ఉచితంగా వాడుకునేలా ఒక కోడ్ హోస్టింగ్ సైట్లో పెట్టాను. అలా కోడ్ భద్రపరిచే చోటును రిపాజిటరీ అంటాం.

ఆ ప్రోగ్రాంకు ప్రాణం ఒక పట్టిక. పాత ఫాంట్లోని ఏ గుర్తు ఏ అక్షరమో అది చెబుతుంది. దాన్ని తయారుచేసింది బద్వేలులో పెళ్లి పత్రికలు అచ్చువేసే మస్తాన్ వలీ. ఒక్కో ఒత్తూ ప్రింటు తీసి చూసుకుంటూ రెండేళ్లు నోటుపుస్తకాల్లో రాశాడు.

మొదట్లో ఆ సైటు చిన్నది. ఒకసారి మా మీద ఎవరో ఫిర్యాదు చేస్తే, అక్కడ పనిచేసే ఒకాయన తన పేరుతో మెయిల్ రాశాడు: "మీరేమంటారు? మీ జవాబు వచ్చేదాకా ఆగుతాం." జవాబిచ్చాను, అంతటితో అయిపోయింది. తెలిసినవాళ్లింట్లో సామాను పెట్టుకున్నట్టు నిశ్చింతగా ఉండేది.

తర్వాత ఒక పెద్ద కంపెనీ ఆ సైటును కొనేసింది. కొన్ని నెలలకు, ఒక పొద్దున చూస్తే మా రిపాజిటరీ మూసేసి ఉంది. పట్టిక తమ సాఫ్ట్‌వేర్ నుంచి కాపీ కొట్టారని ఒక ఫాంట్ల సంస్థ టేక్‌డౌన్ నోటీసు ఇచ్చింది. కాపీరైటు మాది, తీసేయండి అని అడగడమన్నమాట. ఆ చట్టం పాత సైటు రోజుల్లోనూ ఉన్నదే. కానీ సైటును కొన్న ఆ కంపెనీలాంటి ఆస్తిపరులు మాలాంటివాళ్ల కోసం కోర్టు చిక్కు నెత్తిన వేసుకోరు. ముందు మూశారు, తర్వాత చెప్పారు. మెయిల్ కింద మనిషి పేరు లేదు.

ఫోన్ చేస్తే వలీ మర్నాడే బస్సెక్కి వచ్చాడు.

"మనం దొంగతనం చేసినామంటాండారా మేడమ్? నేను దేన్నీ చూసి రాయలేదు. ఆ పుస్తకాలన్నీ నా కాడ ఉండాయి."

కౌంటర్ నోటీసు, అంటే ఎదురు జవాబు ఫారం, నింపడానికి కూర్చున్నాను. పని మాదేనని ప్రమాణం చేయాలి. సైటు అమెరికాది కాబట్టి, అక్కడ కేసు వేస్తే ఎదుర్కొంటామని ఒప్పుకోవాలి. ఎవరు ఏం చేశారో వివరించబోతే చేతులు ఆగిపోయాయి. రిపాజిటరీ నిండా నా పేరే. ఆరేళ్లలో వలీ పేరు ఒక్కచోట కూడా రాయలేదు.

"అన్నా, ఇందులో నీ పేరు నేను యాడా పెట్టలేదు," అన్నాను.

"నాకు తెల్సు మేడమ్. శానా రోజులైంది చూసి."

"మరి అడగలేదే?"

"మీరే రాస్తారులే అనుకుంటి."

"ఇప్పుడు రాస్తే, రేపు కేసయితే నీ పేరూ ఉంటుంది."

"రాయండి. నేను చేసిన పనే కదా."

నోటుపుస్తకాల ఫోటోలు జతచేసి ఇద్దరి పేర్లతో పంపాం. ఆ సంస్థ కోర్టుకు పోలేదు. మూడు వారాలకు రిపాజిటరీ మళ్లీ తెరుచుకుంది.

మా జవాబు కోసం ఆగిన ఆ పాత సైటు మీద నాకు ఇప్పటికీ బెంగే. అయితే ఆ మంచి రోజుల్లో, ఈ పట్టిక ఎవరు రాశారని నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. పలకరింపు కూడా లేని ఒక ఫారం ముందు కూర్చుంటే గానీ ఆ మాట నా నోట రాలేదు.