తిరుమలకు సగం టికెట్టు

భేస్తాన్‌లో తెలుగు ఊళ్ల నుంచి వలసొచ్చిన మగ్గాల కార్మికులుండే గల్లీ ఎల్లవ్వది. భర్త పరుశురాం పవర్‌లూమ్ కార్ఖానాలో పనిచేస్తాడు. ఆమె రింగ్‌రోడ్డు బట్టల మార్కెట్ నుంచి చీరలు తెచ్చుకుని, ఇంట్లో కూర్చుని వాటికి రాళ్లు అతికిస్తుంది. సెలవు రోజుల్లో కూతురు తిరుమల ఆమెకు తోడు వెళ్లేది.

తిరుమల చాలా చిన్నగా ఉండేది. ఐదో తరగతిలో ఎంత ఉందో తొమ్మిదో తరగతిలోనూ దాదాపు అంతే. సిటీ బస్సు కండక్టర్లు అడగకుండానే ఆమెకు సగం టికెట్టు కొట్టేవాళ్లు. ఎవరైనా అనుమానంగా చూస్తే ఎల్లవ్వ "పన్నెండు నిండలే" అనేది. ఇంటికొచ్చి ఆ ముచ్చట నవ్వుతూ చెప్పేది.

"మన తిరుమలకు ఇంక పాలపండ్లే ఊడలేదనుకుంటరు బస్సోళ్లు!"

పరుశురాం కూడా నవ్వేవాడు. అతని తల్లి పొట్టిది. పిల్లకు నాయనమ్మ పోలిక వచ్చిందనేవాడు.

తిరుమల మాత్రం నవ్వేది కాదు. ఒకరోజు అడిగింది, "అమ్మా, నా క్లాసోళ్లందరు పెద్దమనుషులైన్రు. నేనెందుకు కాలే?"

"ఒక్కొక్కలకు ఆలస్యమైతది బిడ్డా. తొందరేంది?" అంది ఎల్లవ్వ, చీర మీంచి తలెత్తకుండానే.

ఆ మరుసటి ఏడు ఎండాకాలంలో, ఉధనా స్టాపు దాటాక టికెట్లు తనిఖీ చేసే పెద్దాయన బస్సెక్కాడు. తిరుమల చేతిలోని టికెట్టు చూశాడు, మొహం చూశాడు. ఒళ్లు చిన్నపిల్లదే గానీ మొహం కాదు. "బెన్, పిల్ల ఆధార్ చూపించు" అన్నాడు హిందీలో. అక్కడ ఆడవాళ్లను అక్కా అన్నట్టు బెన్ అని పిలుస్తారు.

ఇంట్లో మరిచిపోయామని చెప్పబోయింది ఎల్లవ్వ. ఈలోగా తిరుమలే సంచిలోంచి కార్డు తీసి ఇచ్చింది. పదహారు నిండి పదిహేడు నడుస్తోంది.

బస్సంతా తమవైపే చూస్తోందనిపించింది ఎల్లవ్వకు. జుర్మానా కట్టడానికి కొంగుముడి విప్పబోతే ఆయన వారించాడు. కార్డు తిరిగిస్తూ గొంతు తగ్గించి, "నాకూ కూతుళ్లున్నారు బెన్. ఈ వయసుకు ఇంతే ఉందంటే ఊరుకోవద్దు. పెద్ద డాక్టరుకు చూపించు" అన్నాడు. పూర్తి టికెట్టు ఇప్పించి దిగిపోయాడు.

ఆసుపత్రిలో రక్తం తీశారు, చేతికి ఎక్స్‌రే తీశారు. డాక్టరమ్మ కాగితాలన్నీ చూసి తల్లినీ కూతుర్నీ కూర్చోబెట్టింది. ఎత్తునూ పెద్దమనిషి కావడాన్నీ అడ్డుకునే లోపం పుట్టుకతోనే వచ్చిందని చెప్పింది. మిగతా ఆరోగ్యానికి మందులున్నాయంది. పిల్లలు పుట్టడం కష్టమంది.

"మరి ఎత్తు?" అని అడిగింది తిరుమల.

"పదేళ్లప్పుడు తీసుకొస్తే ఇంజక్షన్లతో కొంత పెరిగేదానివి తల్లీ. ఇప్పుడు ఎముకలు పెరిగే దశ దాటిపోయింది." తర్వాత ఎల్లవ్వ వైపు తిరిగి, "ఇన్నేళ్లూ మీకు అనుమానం రాలేదా?" అంది.

ఎల్లవ్వ తల వంచుకుని కాగితాలు సంచిలో పెట్టుకుంది.

తిరుగు ప్రయాణంలో రెండు పూర్తి టికెట్లు అడిగింది. కండక్టరు నవ్వి, "చిన్నదానికి సగం చాలు కదా, బెన్" అన్నాడు. ఎల్లవ్వ అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చింది. ఆ మనిషి ఏం తప్పు మాట్లాడానోనని తికమకపడిపోయాడు.

ఇంటికొచ్చాక కూతురి ముందు కూలబడింది. "నన్ను తిట్టు బిడ్డా. నేను నవ్వుకుంట కూసున్న."

తిరుమల తల్లిని లేపి కూర్చోబెట్టింది. "తిడితే పొడుగైతనా అమ్మా?" అంది. అందులో కోపం లేదు. ఉంటే ఎల్లవ్వకు కొంత తేలికయ్యేదేమో.

ఇప్పుడు తిరుమలకు ఇరవై నిండాయి. ఒక ఎంబ్రాయిడరీ కార్ఖానాలో చీరల్లో లోపాలు చూసే పని చేస్తోంది. స్టూలు మీద నిలబడితేనే బల్ల అందుతుంది. పెళ్లి మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. పరుశురాం మునుపటిలా మాట్లాడడు. పిల్లకు నాయనమ్మ పోలిక అన్నది తనేనని అతనికి గుర్తుంది.

గల్లీలో ఏ పిల్ల ఈడుకు తగ్గట్టు ఎదగకపోయినా ఎల్లవ్వ ఆ తల్లిని ఆపుతుంది. "దవాఖానల చూపించినవా? జర జల్ది చూపియ్యి" అంటుంది. మా పిల్లకేం రోగమని కొందరు ఎదురు తిరుగుతారు. ఒకామె ఇంటికి రావద్దని మొహం మీదే చెప్పింది. అయినా ఎల్లవ్వ అడగడం మానలేదు.