మోరీకి అడ్డం పెట్టిన గోడ

సినిమాలకు సెట్లు వేసే పనిలో ముసలివాడైనవాడికి ఒక జబ్బు అంటుకుంటుంది. కంటికి బాగోలేనిది ఏది కనిపించినా దాని ముందు ఒక ప్లైవుడ్ గోడ నిలబెట్టాలనిపిస్తుంది. నాకు ఆ జబ్బు బాగా ముదిరింది.

తొంభైల మొదట్లో సంగతి. ఫిల్మ్ నగర్ గుట్ట కింద మా బస్తీ. పైన జూబ్లీహిల్స్ బంగళాల మురికినీళ్లన్నీ మా మధ్యలోంచి పోయే మోరీలోకే దిగేవి. దానికి మూత లేదు. ముందటేడు వానల్లో పక్కింటి చిన్నపిల్ల అందులో పడితే జుట్టు పట్టుకుని బయటికి లాగాం. బతికింది. అప్పట్నుంచి చినుకు పడితే చాలు, తల్లులు పిల్లల్ని మంచం కోళ్లకు కట్టేసేవాళ్లు.

అలాంటప్పుడు మున్సిపల్ ఆఫీసు వాళ్లకు, బస్తీకి ఏం కావాలో అక్కడి పడుచు పిల్లల్నే అడగాలని బుద్ధి పుట్టింది. ఓ సలహా సంఘం పెట్టారు. బస్తీ పెద్దను నేను. తగాదాలు తీర్చేది నేను, నల్లా దగ్గర బిందెల వరుస చూసేది నేను. నన్నెవరూ పిలవలేదు. సంఘం తరఫున మాట్లాడేది ఇంటర్ చదివే ఒక పిల్ల. సాయంత్రాలు మాలాంటి ముసలివాళ్లకు అక్షరాలు దిద్దించేదీ ఆ పిల్లే. యాభై దాటిన నాతో పలక మీద రాయించి, తుడిపించి, మళ్లీ రాయించింది. దాని దగ్గర చదువుకోవచ్చు గానీ, నా బస్తీ గురించి అది సలహా ఇవ్వడమేమిటని నాకు కడుపు మండింది.

ఒకరోజు పిల్లలు ఆఫీసరును తీసుకురావడానికి పొద్దున్నే వెళ్లారు. మా బస్తీ, షేక్‌పేట పక్కన ఇంకో బస్తీ చూసి, రెండింట్లో ఒకదానికే పని మంజూరు చేస్తాడట. మోరీ చూపించి పైన బండలు వేయించమని అడుగుతారట. ఇంత చెప్పినా నా బుర్రకెక్కింది ఒక్కటే: పెద్దమనిషి వస్తున్నాడు, మన మురికి చూస్తాడు. పరువేం కావాలి?

తోటి పనివాళ్లను కేకేశాను. విప్పేసిన సెట్టు చెక్కలు తెచ్చి మోరీ పొడుగునా నిలబెట్టాం. వెనక ఆనింపు కర్రలు కొట్టాం. ఇటుకలు గీశాం, మల్లెతీగ పాకించాం. నాకు అక్షరాలు వచ్చాయి కదా, ఊరుకుంటానా? "మాది శుభ్రమైన బస్తీ" అని బారెడు అక్షరాలతో రాశాను. ఎవరూ దిద్దించకుండా నా అంతట నేను రాసిన మొదటి మాట అది. అదీ అబద్ధం. వాసన తెలియకుండా సాంబ్రాణి పొగ కూడా వేయించాను.

ఆఫీసరు జీపు దిగి చుట్టూ చూశాడు. "బ్యూటిఫుల్! బస్తీని ఇంత నీట్‌గా ఉంచుకున్నారే. ఎవరు రాశారండీ ఇది?"

"నేనే సార్," అని ఛాతీ విరిచాను.

ఆ పిల్ల నన్ను పక్కకు లాగింది. "కాకా, మోరీ ఏడబోయింది?"

"గోడెనక ఉంది బిడ్డా. ఇంటికొచ్చినోళ్లకు మోరీ చూపెడ్తరా ఎవలన్న?"

"గాయన చుట్టమా? మోరీ చూసెతందుకే వచ్చిండు!"

అంతలో ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. "ఇక్కడ ప్రాబ్లమ్ ఏమీ కనిపించట్లేదమ్మా. షేక్‌పేట వాళ్లకే ఇద్దాం." జీపు వైపు నడిచాడు.

"మోరీ ఉంది సార్, గోడ వెనకాల..." అని పిల్ల వెంటపడితే, ఆయన నవ్వి నా అక్షరాలు చూపించాడు. అది నా వైపు తిరిగింది. "నీకు రాసుడు నేర్పింది గిందుకేనా కాకా?"

నేను జారిన మల్లెతీగను సర్దబోయాను. మా ఇంటామె నోరు మాత్రం ఎప్పుడూ ఊరుకోదు. పక్కింటి చిన్నపిల్లను చంకనేసుకుని వచ్చింది. "ఏమయ్యా, మల్ల గీ పోరి మోరీల పడితే, నీ గోడ జుట్టు పట్టి లాగుతదా?"

"ప్యాకప్!" అని అరిచాను.

సెట్టు పనివాడికి ఆ మాట చెవిన పడితే సెట్టు విప్పేదాకా చేతులు ఆగవు. ఎందుకని అడగకుండా ఆనింపు కర్రలు పీకేశారు. గోడ వెనక్కి వాలి మోరీలో ధబాలున పడింది. నల్లనీళ్లు ఎగిరి ఆఫీసరు తెల్లచొక్కా నిండా చిందాయి.

"ఏంటిది?" అని అరిచాడాయన.

"మోరీ సార్," అంది పిల్ల. "దీని ముచ్చట చెప్దామనే పిలిచినం."

ఆయన ముక్కుకు రుమాలు పెట్టుకుని, నెరిసిన తల చూసి కాబోలు, నన్నే అడిగాడు. "ఎన్నాళ్లుగా ఇలా ఉందండీ?"

"గా పిల్లలను అడుగు సార్. నన్నడిగితే మల్ల రంగేస్త."

ఆయన అక్కడే నిలబడి వాళ్లు చెప్పిందంతా విన్నాడు. వానలకు ముందే బండలు పడ్డాయి, మలుపు వరకు. ఆ మేర ఇళ్లలో పిల్లల్ని మంచాలకు కట్టేయడం మానేశారు. మలుపు కింద మిగిలిన దానికోసం సంఘం మళ్లీ ఆఫీసుకు వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. సలహాదారులకు లోపల కుర్చీలు వేశారు. బస్తీ పెద్ద బయట బల్ల మీద కూర్చున్నాడు.

మోరీలోంచి తీసిన చెక్కల్లో అక్షరాలున్నవి మా ఇంటామె కడిగి, స్నానాలకు దడిగా నిలబెట్టింది. అక్షరాలు లోపలి వైపుకు తిప్పింది.

"తానం చేసుకుంట నువ్వొక్కనివే చదువుకో," అంది.