ఎర్ర గుడ్డ విప్పిన శనివారం

శనివారం సాయంత్రం ఉచ్చులన్నీ తీసేసి, సీతాఫలం చెట్టుకు కట్టిన ఎర్ర గుడ్డ నేను విప్పాలన్నది, కుక్కలతో వేటకొచ్చే మేస్త్రీకీ నాకూ ఒప్పందం. గుడ్డ ఉంటే ఉచ్చులున్నట్టు. లేకపోతే కుక్కలను వదలొచ్చని. కాగితం మీద రాసుకున్నది కాదు, రాసుకునే వీలూ లేదు. ప్రభుత్వ భూమిలో అడవి జంతువుకు ఉచ్చు పెట్టడం నేరం, కుక్కలతో వేటాడడమూ నేరమే. ఆ చట్టం నేను గ్రంథాలయంలో కూర్చుని చదివాను. అతనికి విడమరిచి చెప్పిందీ నేనే.

ఏ.ఎస్. రావు నగర్ దాటి బాగా లోపలికి వస్తే, ఇళ్ల చివరి వరసలో మాది. వెనక కంచె దాటితే బండరాళ్లు, తుమ్మలు, సీతాఫలం పొదలు, ప్రభుత్వ భూమి అని తుప్పుపట్టిన బోర్డు. నేను పదో తరగతి తప్పి జిరాక్సు దుకాణంలో చేరినవాణ్ణి. గురువారం సెలవు. ఆ రోజు బస్సెక్కి పద్మారావు నగర్ వైపున్న గ్రంథాలయానికి వెళ్లి, తలుపులు మూసేదాకా చదువుతాను. పాముల గురించి, తోకచుక్కల గురించి, కాగితం ఎలా పుట్టిందన్నదాని గురించి డిగ్రీ చదివిన మా యజమానికంటే నాకే ఎక్కువ తెలుసు. ఈ మాట ఆయనతో కూడా అన్నాను.

మా ఆవిడది విజయనగరం వైపు. ఊళ్లో పెరిగిన అలవాటు కొద్దీ ఇక్కడా పద్నాలుగు నాటుకోళ్లను పెంచింది. ఒక ఆదివారం పొద్దున ఇద్దరం మోండా మార్కెట్‌కు వెళ్లి కూరగాయలతో తిరిగొచ్చేసరికి పెరట్లో తొమ్మిది కోళ్లు చచ్చిపడి ఉన్నాయి. బురదలో గోళ్లతో సహా అడుగులు. పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుందని చదివి ఉన్నాను కాబట్టి, ఇది నక్క పనేనని చుట్టుపక్కలవాళ్లు వింటుండగా తేల్చేశాను. తొమ్మిదింటిలో ఒక్కదాన్నీ తినలేదన్న సంగతి కళ్ల ముందున్నా నాకు పట్టలేదు.

పాత సైకిల్ బ్రేకు వైర్లతో ఏడు ఉచ్చులు చేశాను. ఆ నక్క మెడకు వైరు బిగిసేటప్పుడు నేను దగ్గరుండి చూడాలనుకున్నాను. రోజూ అదే ఊహించుకుంటూ అన్నం తినేవాణ్ణి.

ఆ పొదల్లోకి ఆదివారాలు కుందేళ్ల కోసం నలుగురు మనుషులు ఐదు కుక్కలతో వచ్చేవారు. వాళ్లకు పెద్ద ఈ మేస్త్రీయే. స్లాబులకు సెంట్రింగ్ పని చేయిస్తాడు, మాకు రెండు వీధుల అవతల ఉంటాడు. ఉచ్చుల సంగతి తెలిసి మా ఇంటికొచ్చాడు.

"సారూ, నీ నక్క సంగతేమో గానీ నా కుక్కలు ఆగమైతయి. శనివారం జెర తీసెయ్యి. మళ్ల సోమవారం పెట్టుకో. ఎవలొద్దన్నరు?"

నేను సరే అన్నాను. గుడ్డ ఆలోచన అతనిదే. ఆ తర్వాత ఎక్కడ కనబడ్డా ఒకటే పాట.

"ఏం లైబ్రరీ సారూ, దొరికిందా నక్క? ఇంకెన్ని బుక్కులు తిప్పాలె?"

పక్కనున్నవాళ్లు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

నక్క దొరకలేదు. రెండు వారాలు పోయాక మళ్లీ ఆదివారమే ఇంకో రెండు కోళ్లు పోయాయి. మా ఆవిడ వాటిని పాతిపెట్టి, చేతులు కడుక్కుంటూ అంది:

"ఆదోరం నాడే ఆకలేస్తాదేటండీ మీ నక్కకి? మిగతా రోజులు ఉపాసమా?"

ఆ గురువారం జంతువుల అడుగుజాడల పుస్తకం మళ్లీ తీశాను. గోళ్ల దగ్గర ఆపేసిన పేజీ తిప్పితే, తర్వాతి పేజీలోనే ఉంది. నక్కకు ముందు పాదంలో నడిమి రెండు వేళ్ల మెత్తలు అడుగున కలిసి ఉంటాయి. కుక్కకు విడిగా ఉంటాయి. ఇంటికొచ్చి కంచె సందు దగ్గర గట్టిపడిన అడుగుల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. అన్నీ విడివిడిగానే ఉన్నాయి.

నేరుగా మేస్త్రీ దగ్గరికి వెళ్లాను. అతని గోధుమరంగు కుక్క, చెవి చిరిగినది, గుమ్మంలో పడుకుని ఉంది.

"అన్నా, మా కోళ్లను చంపుతున్నది మీ కుక్కే."

"ఏందీ? నా కుక్క కోడిని ముట్టది సారూ. పిల్లగున్నప్పటి సంది నేర్పిన. బిడ్డ మీద ఒట్టు."

బిడ్డ మీద ఒట్టు పెట్టిన మనిషిని ఏమనగలను? నమ్మాను. మిగిలిన మూడింటిలో ఒక పెట్టను మా ఆవిడ పదకొండు గుడ్ల మీద పొదగేసింది. వెనక అరుగు మీద గంప, కింద ఊక. ఇంకో మూడు రోజుల్లో పిల్లలు బయటికొస్తాయనగా ఆదివారం మార్కెట్ నుంచి వచ్చేసరికి గంప బోర్లాపడి ఉంది. పెట్ట కంచె దగ్గర పడి ఉంది. గుడ్లు చల్లబడిపోయాయి. మా ఆవిడ ఒక గుడ్డు చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు వింది. తర్వాత లోపలికి వెళ్లి మార్కెట్ సంచి కూడా విప్పకుండా పడుకుంది.

ఆ తర్వాతి శనివారం సాయంత్రం ఉచ్చులు ఆరు తీశాను. ఎర్ర గుడ్డ విప్పి జేబులో పెట్టుకున్నాను. ఏడోది మా కంచె సందుకు అవతలి పక్క, ప్రభుత్వ భూమిలోనే, నేలకు జానెడు ఎత్తున పెట్టాను. కుందేలు వెంటపడే కుక్క ఆ సందులోకి రాదు. కోళ్ల రుచి మరిగినదే వస్తుంది. ఆదివారం మేం మార్కెట్‌కు వెళ్లలేదు. కటింగ్ ప్లయర్ పక్కన పెట్టుకుని వెనక అరుగు మీద టీ తాగుతూ కూర్చున్నాను.

ఎనిమిది కాకముందే అరుపు వినబడింది. కంచె దగ్గరికి వెళ్లి చూస్తే కుక్క ముందు కాలికి వైరు బిగిసి ఉంది. లాగేకొద్దీ లోపలికి దిగుతోంది. చిరిగిన చెవి చూడగానే నాకు కలిగినది సంతోషమే. ఇంకో మాట రాస్తే అబద్ధం.

మేస్త్రీ పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఉచ్చు విప్పబోతే కుక్క అతని చేతినే కరిచింది.

"సారూ, కొయ్యి సారూ, వైరు కొయ్యి!"

"నీ కుక్క కోడిని ముట్టదు కదా. ఇక్కడికెందుకొచ్చింది?"

"నీ కాళ్లు మొక్కుత. ముందుగాల కొయ్యి."

"ఎందుకొచ్చిందో చెప్పు."

మా ఆవిడ నా వెనకే వచ్చి నిలబడింది. కుక్క కాలి చుట్టూ రక్తం చూసి, "ఇక చాల్లెండి, కోసీండి" అంది. నేను కదల్లేదు. ప్లయర్ నా చేతిలోనే ఉంది. మేస్త్రీ ఒకసారి ఆమె వైపు, ఒకసారి నా వైపు చూశాడు.

"మొదటి ఆదివారమే దాని నోట్ల ఈకలు చూసిన. చెప్తె ఇజ్జత్ పోతదని చెప్పలే. అయిందా?"

"ఆమెకు చెప్పు."

"తప్పయిందక్కా."

అప్పుడు కోశాను. కుక్కను రెండు చేతుల మీద ఎత్తుకుని వెళ్తూ వెనక్కి తిరిగాడు.

"గుడ్డ తీసినవ్ గదా సారూ. గుడ్డను నమ్మి ఇడిసిన."

"నేను నీ ఒట్టు నమ్మి గుడ్లు పొదగేయించాను."

మర్నాడు మా ఆవిడ ఉచ్చులన్నీ తీసుకెళ్లి చెత్త బండిలో వేసింది. మేస్త్రీ గుంపు ఆ తర్వాత మా వైపు రాలేదు. కుక్క కాలు కుళ్లిపోతే పశువుల డాక్టరు తీసేశాడని దుకాణానికి వచ్చినవాళ్లెవరో చెప్పారు. నేను ప్రశ్నలడుగుతూ నిలబడకుండా అతను వచ్చిన క్షణమే కోసి ఉంటే కాలు దక్కేదేమో. ఆ విషయం ఏ పుస్తకంలోనూ వెతకలేదు.

ఇప్పుడు మా పెరట్లో మళ్లీ ఎనిమిది కోళ్లున్నాయి. ఆ కుక్క మూడు కాళ్ల మీద మేస్త్రీ గుమ్మంలోనే ఉంటుంది. నా సైకిల్ చప్పుడు వినగానే లేచి కుంటుకుంటూ లోపలికి పోతుంది. దుకాణానికి దగ్గర దారి వేరే ఉంది. నేను ఇప్పటికీ ఆ వీధిలోంచే వెళ్తున్నాను, అతని ఇంటి ముందు కొంచెం నెమ్మదిగా తొక్కుతూ.