మైక్‌సెట్ మద్దయ్య ఆదివారపు చెరువు

ఆళ్లగడ్డలో మైక్‌సెట్ మద్దయ్య గొంతు తెలియని ఇల్లు లేదు. చుట్టుపక్కల పెండ్లి జరిగినా, తిరునాల జరిగినా, ఓట్ల మీటింగు జరిగినా అందరికంటే ముందు "హలో... హలో... మైక్ టెస్టింగ్" అని ఊరిని పలకరించేది అతనే. ముప్పై ఏళ్లు జనం చెవులు చిల్లులు పడేలా వాయించిన మనిషికి దేవుడు తగిన శాస్తే చేశాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం మనకు తెలుసు; శంఖం ఊదీ ఊదీ తానే చెవిటివాడైన ఘనుడు మద్దయ్య. అలాగని పూర్తిగా పోలేదు. చుట్టూ ఏ చప్పుడూ లేకపోతే పక్క మనిషి మాట చక్కగా వినిపిస్తుంది. కానీ బస్టాండు వెనక కాపురముండేవాడికి చప్పుడు లేని ఘడియ ఎక్కడ దొరుకుతుంది?

దీనివల్ల ఎక్కువ నష్టపోయింది అతని భార్య రామసుబ్బమ్మ. పుట్టుకతో ఆమెది చిన్న గొంతు. మద్దయ్యతో కాపురమొచ్చి దాన్ని పెద్దది చేసింది. కూరలో ఉప్పు చాలిందా అని అడగాలన్నా కేక పెట్టాల్సిందే. ఆమె అలిగితే, ఎందుకు అలిగిందో మద్దయ్యకంటే ముందు వీధికి తెలిసిపోయేది. ఆకుకూరలమ్మే ఆమె గంప దించి మరీ పంచాయితీ తీర్చేది. ఇక మొగుడూ పెళ్లాలు మెల్లగా చెప్పుకోవలసిన మాటలంటారా, వాటిని కేకేసి ఎవరు చెప్పుకోగలరు? రామసుబ్బమ్మ వాటిని దాచిపెట్టుకునేది, ఆదివారం దాకా.

ఎందుకంటే ఆదివారం వాళ్లిద్దరూ అహోబిలం దారిలో ఉన్న తుమ్మల చెరువుకు పోయేవాళ్లు. వెనకాల నల్లమల కొండలు, నీళ్ల నడుమ నల్లతుమ్మ చెట్లు, ఆ చెట్ల మీద ఏటా చలికాలంలో వచ్చి గూళ్లు కట్టే ఎర్రకాళ్ల కొంగలు. చేపలు పట్టుకుని బతికే అంజి దగ్గర పుట్టి, అంటే గుండ్రటి బుట్టపడవ, అడిగి తీసుకుని, బొరుగులతో చేసిన ఉగ్గాని మూటతో చెరువు మధ్యకు చేరేవాళ్లు. మద్దయ్య పేరుకు గాలం వేసేవాడు. చేప పడితే ఎంత, పడకుంటే ఎంత! అక్కడ రామసుబ్బమ్మ తన సొంత గొంతుతో మాట్లాడేది, అతనికి ప్రతి మాటా వినిపించేది. ఆ ఒక్క పూటా వాళ్లు అందరిలాంటి దంపతులు.

రెండువేల మూడో సంవత్సరం, అహోబిలం తిరునాలకు ముందు ఆ పూటకు ముప్పు వచ్చింది. నంద్యాల కాంట్రాక్టరు శేఖర్ చెరువులోకి మోటారు పడవ దించాడు. జీపుల్లో వచ్చే భక్తులను ఎక్కించుకుని చెరువంతా తిప్పుతాడట. అనుమతి ఇంకా రాలేదు, నడిపి చూస్తున్నాడంతే. వీళ్లు పుట్టిలో ఉన్న ఆదివారం, ఆ నడిపి చూడడానికే పడవ బుర్రుమని ఒక చుట్టు కొట్టేసరికి కొంగలన్నీ గూళ్లొదిలి లేచిపోయాయి. పుట్టి గిర్రున తిరిగింది. ఉగ్గాని చేపల పాలైంది. రామసుబ్బమ్మ పెదవులు కదులుతున్నాయిగానీ మద్దయ్యకు ఒక్క ముక్క వినపడలేదు. ఆమె ఇంట్లోలాగే కేక పెట్టబోయి, మధ్యలోనే ఆపేసి, నీళ్లవైపు తిరిగి కూర్చుంది. మద్దయ్యకు భయమేసింది. ఈ పడవ ఇక్కడే పాతుకుపోతే పెళ్లాం మాట వినే చోటు తనకు భూమ్మీద మరొకటి లేదు.

అంత భయపడినవాడు ఏం చేశాడో తెలుసా? ఆ పడవ మీటింగుకే మైకు కట్టడానికి ఒప్పుకున్నాడు! పాపం, తిట్టకండి. వాళ్ల నాయన నేర్పిన పద్ధతి అది. తాంబూలంతో వచ్చినవాణ్ని గడపలో ఏ పనికని అడగకూడదు. ముందు అందుకోవాలి, తర్వాత వివరం కనుక్కోవాలి. అందుకున్నాక కాదనకూడదు. శేఖర్ ఇచ్చిన వక్క నోట్లో వేసుకున్న తర్వాతే మద్దయ్యకు సంగతి తెలిసింది.

"వచ్చే ఆదివారం తుమ్మల చెరువు కాడ మీటింగన్నా!" అని శేఖర్ అతని చెవి దగ్గర అరిచాడు. "ఫారెస్టు మేడం వచ్చాది. జనాన్ని అడిగి పర్మిషన్ ఇచ్చాది. నాలుగు హారన్లు కట్టాల!"

మద్దయ్య ఆ వక్కను మింగలేకా కక్కలేకా తల ఊపాడు. ఇంట్లో మాత్రం నంద్యాలలో పెండ్లి ఉందని అబద్ధమాడి, ఆ ఆదివారం సామాను సర్దుకుని బయల్దేరాడు.

చెరువు ఒడ్డున షామియానా వేశారు. ఫారెస్టు అధికారి ప్రమీల వచ్చి కూర్చుంది. చుట్టూ ఉన్న పల్లెల జనం మూగారు. ఆమె మైకు అందుకుని, "ఈ పడవ తిరగడం మీలో ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగింది. అంజి వలలు రెండు అప్పటికే పడవ కింద చిరిగాయి. అయినా అంజి తల గోక్కున్నాడేగానీ నోరు విప్పలేదు. పెద్దవాళ్లతో మనకెందుకని ఒకరి వెనక ఒకరు నక్కారు. మద్దయ్య సంగతి చెప్పనే అక్కర్లేదు, తాంబూలం తిన్న నోరాయె.

"అయితే ఎవరికీ లేదనే రాసుకుంటాను," అని ఆమె మైకు తిరిగి ఇచ్చేసింది. మద్దయ్య దాన్ని తీసుకుని ఆంప్లిఫయర్ దగ్గరికొచ్చి దిగాలుగా నిలబడ్డాడు. స్విచ్చి ఆపాలన్న ధ్యాస కూడా లేదు.

సరిగ్గా అప్పుడే అహోబిలం బస్సు దిగి రామసుబ్బమ్మ వచ్చింది. పెండ్లి ఎక్కడో పక్కింటివాళ్లు ఆమెకు చెప్పేశారు. అంతమంది ఎదుట కేకలేయడం ఇష్టంలేక, మొగుడి దగ్గరగా జరిగి, తన చిన్న గొంతుతోనే అడిగింది.

"నంద్యాల పెండ్లి ఈడ జరుగుతాండాదా? సరే, తాంబూలం తీసుకుంటివి. ఇంగ నేను నీతో యాడ మాట్లాడాల్నో అది సెప్పు. ఇంట్లో మాట్లాడితే వీధంతా ఇంటాది, నువ్వు తప్ప. ఈ నీళ్ల మింద ఒక్క పూట నా గొంతు నాకుండె. అది గూడా ఆ పడవోడు తీసుకపోతాండాడు. సచ్చేదాకా నేను అరుచుకుంటానే బతకాల్నా?"

మద్దయ్యకు పెళ్లాం మాట ఎన్నడూ లేనంత స్పష్టంగా వినిపించింది. ఇంత బాగా ఎలా వినిపిస్తోందబ్బా అని ఆశ్చర్యపోయి, చేతిలో మైకు చూసుకున్నాడు. అప్పటికే నాలుగు హారన్లూ ఆ మాటలను చెరువు నాలుగు గట్లకూ చేరవేశాయి.

జనమంతా ఆమెవైపు తిరిగారు. రామసుబ్బమ్మ కొంగుతో మొహం కప్పేసుకుంది. అప్పుడు అంజి లేచాడు. "మేడం, ఆయమ్మ సెప్పినంక నాకేం సిగ్గు? ఆ పడవ నా వలలు సింపతాండాది!" గొర్రెలు నీళ్లకు దిగడం లేదని ఇంకొకాయన అన్నాడు. కొంగపిల్లలు గూళ్లలోంచి రాలి పడుతున్నాయని ఒక ముసలావిడ చెప్పింది. గొంతు చిన్నదైనా దారి తీసింది చూశారా, వెనకాల ఊరే నడిచొచ్చింది.

ప్రమీల రాసుకుంటూ, "మొదట చెప్పినామెది కూడా అభ్యంతరమే కదమ్మా?" అని అడిగింది. కొంగు చాటునుంచే రామసుబ్బమ్మ తల ఊపింది.

"తాంబూలం తిని ఇట్ల జేస్తివే అన్నా!" అన్నాడు శేఖర్.

"నేనేం జేసినానప్పా? మైకు బాగా పలికింది గదా!" అన్నాడు మద్దయ్య.

తిరునాలకు ముందే ఆర్డరు వచ్చింది. తుమ్మల చెరువులో మోటారు పడవలు కూడవు. తెడ్డు వేసుకునేవి మాత్రమే తిరగాలి. అక్కడితో ఆగితే బాగుండేది. చెరువు దరిదాపుల్లో మైకు కూడా పెట్టకూడదని కింద ఇంకో వాక్యం ఉంది. ఏటా గట్టుమీద జరిగే గంగమ్మ జాతర బేరం మద్దయ్య చేజారింది. "నీ మైకుకు నువ్వే బిరడా కొట్టుకుంటివి గదన్నా!" అని ఊరు ఊరంతా నవ్వింది, అతనూ నవ్వాడు. శేఖర్ తెడ్ల పడవలు రెండు కొని భక్తులను తిప్పుకున్నాడు. అతనికీ పోయిందేమీ లేదు.

ఆ తర్వాతి ఆదివారం కొంగలు మళ్లీ చెట్ల మీదున్నాయి. పుట్టిలో రామసుబ్బమ్మ ఉగ్గాని మూట విప్పుతూ, తల ఎత్తకుండా మెల్లగా అంది. "మన పెండ్లికి మైకు నువ్వే కట్టుకుంటివి గదా. టెస్టింగని సెప్పి నా పేరు పలికితివి. ఆ పొద్దే నువ్వు నాకు నచ్చితివి."

ఒక్క అక్షరం కూడా పోకుండా మద్దయ్యకు అంతా వినిపించింది. గాలం కర్ర పక్కన పెట్టాడు.

"ఏందీ? వినపల్యా. ఇంగోసారి సెప్పు," అన్నాడు.

రామసుబ్బమ్మ కదలని నీళ్లను చూసింది, మొగుడి మొహం చూసింది. అబద్ధమని తెలిసిపోయింది. అయినా మళ్లీ చెప్పింది, ఈసారి ఇంకా మెల్లగా.