మాస్టారి టీవీ పరీక్ష

స్వయంగా పరీక్షించనిదే మాస్టారు గుండుసూది కూడా కొనరు. నిజానికి ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పలేదు, ముప్పై ఏళ్లు లిఫ్టులు బాగుచేశారు. ఈ పరీక్షల పిచ్చి చూసి అల్లుడు ఆ పేరు పెడితే వీధంతా ఖాయం చేసింది. గొడుగు కొనడానికి వెళ్లి షాపు వెనక కుళాయి కింద దాన్ని పట్టుకుని నిలబడ్డారు. కుర్చీ బేరమాడుతూ అందులోనే నిద్రపోయి, సాయంత్రం లేచి, "నడుము పట్టేసింది, వద్దులే" అని వచ్చేశారు.

అలాంటి మనిషిని టీవీ కొనడానికి వెంట తీసుకెళ్లడం అల్లుడు కోరి తెచ్చుకున్న తలనొప్పి. అమ్మా, మామగారూ అంతా కలిసుండే ఇంట్లో హాలును సినిమాహాలుగా మార్చాలని అతనికి మూడేళ్ల కల. కిటికీలకు నల్ల పరదాలు వేశాడు, గోడలకు స్పీకర్లు బిగించాడు. ఇక పాత టీవీ మార్చడం ఒక్కటే మిగిలింది. పల్చగా ఉండి, అన్ని యాప్‌లూ ఉండి, నలుపును కాటుకంత నల్లగా చూపించేది ఒకటి ఎంచుకున్నాడు కూడా.

మాస్టారు దానివైపు కన్నెత్తి చూడలేదు. ఓ మూల షాపు ఆఫర్లు చూపిస్తున్న లావుపాటి తెర దగ్గరికి నడిచారు.

"ఇది ఇళ్లకి కాదండీ," అన్నాడు సేల్స్‌మన్. "షాపులకీ, స్టేషన్లకీ. రోజంతా ఆపకుండా ఆడుతుంది."

"మంచిదేగా!"

"యాప్‌లుండవు. సౌండూ రాదు."

"స్పీకర్లు మావాడికి గోడనిండా ఉన్నాయి. యాప్‌లకి చిన్న డబ్బా తగిలించుకుంటాం."

"మావయ్యగారూ," అల్లుడు గొంతు తగ్గించాడు, "ఇంట్లో స్టేషను పెడతామా? నలుగురూ నవ్విపోతారు."

"నవ్వనీ బాబూ. ముందు రెండిటినీ ఆ అద్దాల తలుపు దగ్గరికి మోయించు."

ఎండ నేరుగా పడేచోట రెండు తెరలూ పక్కపక్కన పెట్టేసరికి సేల్స్‌మన్‌కు ముచ్చెమటలు పోశాయి. మాస్టారు జేబులోంచి పాత కళ్లజోడు తీశారు. దాని అద్దాలకు కొవ్వొత్తి మైనం పూసి ఉంది. అది పెట్టుకుని, స్టూలు వేసుకుని, రెండిటిలో ఒకే సినిమా వేయించి చూస్తూ కూర్చున్నారు. గంట గడిచింది. జనం మూగారు. అల్లుడికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నువ్వు మెచ్చినదాంట్లో ఎండకి నా మొహమే కనిపిస్తోంది," అన్నారు చివరికి. "దీంట్లో హీరోయిన్ మొహం కనిపిస్తోంది. ఇదే ఖాయం."

"మనం చూసేది పరదాలేసి చీకట్లో కదండీ! అసలా మైనమేంటి?"

మాస్టారు కళ్లజోడు అల్లుడి చేతికిచ్చారు. "పెట్టుకో. మీ అమ్మగారికి లోకం ఇప్పుడిలాగే ఉంది. కళ్ల డాక్టరుని అడిగి మరీ పూశాను. నువ్వు పరదా లాగినప్పుడల్లా ఆవిడ 'నిద్రొస్తోంది' అని లేచిపోతున్నారు. నిద్రా పాడా! చీకట్లో కాలెక్కడ పెట్టాలో తెలియక భయం. నీ ముచ్చట పాడుచేయడం ఇష్టంలేక చెప్పట్లేదు."

అల్లుడు పెట్టుకున్నాడు. ఎదురుగా ఉన్న మామగారి మొహం మసకముద్దలా కనిపించింది. అమ్మకి నిజంగానే నిద్రొస్తోందని ఇన్నాళ్లూ నమ్మినందుకు సిగ్గేసింది.

"ఇదే ప్యాక్ చేయండి," అన్నాడు.

"ఆగు," అన్నారు మాస్టారు. "రోజంతా ఆడుతుందన్నాడుగా. సాయంత్రం దాకా చూద్దాం."

ఆదివారం పట్టపగలు, పరదాలన్నీ తీసేసిన హాల్లో, హత్య కథ సినిమా మొదలైంది. అమ్మ అందరి మధ్యా కూర్చుంది. అరగంటైనా కాకముందే, "చంపింది ఆ ప్లీడరే! మొహం చూస్తే తెలియట్లా?" అంది గట్టిగా.

సస్పెన్స్ కాస్తా గంగపాలైంది. అల్లుడు మాత్రం నవ్వుతూ, "ఏదమ్మా, ఇంకోసారి చూపిస్తానుండు" అని సినిమాను ఆ ప్లీడరు మొహం దాకా మళ్లీ వెనక్కి తిప్పాడు.