ముందు సీటు బరువు

ఒట్టు వేయమంటే వేస్తాను. దేవుడి మీద కాదు, ఆయనకు వేరే పనులుంటాయి. నా పానాల పెట్టె మీద. కరీంనగర్‌లో బండ్లు బాగు చేసుకుని బతికేవాణ్ణి, నాకు అంతకన్నా పెద్ద ప్రమాణం లేదు. అబద్ధమైతే రేపటి నుంచి ఒక్క నట్టు కూడా నా చేతిలో తిరగకూడదు. సరేనా?

ఇక వినండి.

మాకొక కయాక్ క్లబ్బు ఉంది. కయాక్ అంటే సన్నటి పొడుగు పడవ. నడుము దాకా లోపల దూరి, కాళ్లు చాపుకుని, రెండు వైపులా రెక్కలున్న తెడ్డుతో నీళ్లు తోసుకుంటూ పోవాలి. క్లబ్బులో అందరూ చదువుకున్నవాళ్లే. నేను తొమ్మిదో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి. పడవలు మోసే ట్రాలీకి వెల్డింగ్ చేయించుకోవడానికి నా దగ్గరికి వచ్చారు. ఆ ట్రాలీ కొండీ ఎలా పడుతుందో నాకు తప్ప ఎవరికీ తెలియకుండా చేశాను. అలా సభ్యుణ్ణయ్యాను. ఇప్పటికీ తీసేయలేకపోతున్నారు.

సెలవుల్లో గోదావరికి పోతాం. మంచిర్యాల దగ్గర దిగుతాం. ఏడాదికోసారి రాత్రంతా బస్సులో కూర్చుని సముద్రానికి కూడా పోతాం. మామూలు ఆదివారాలు మాత్రం మానేరు మీద కట్టిన రిజర్వాయరే మా సముద్రం. దాని అడుగున ఊళ్లున్నాయి. ముంపులో పోయిన ఊళ్లు. నీళ్లు తగ్గితే ఎండిన తాటి మొద్దులు వరసగా పైకి తేలతాయి. ఒకచోట వాటర్ ట్యాంకు తల కూడా కనపడుతుంది.

ఆ ట్యాంకున్న ఊరివాడే కనకయ్య మామ.

నాకు చుట్టమేం కాదు. సిరిసిల్లలో మరమగ్గాల మీద పని. యాభై అయిదు దాటాయి. మొద్దుల మధ్య దారి చూపిస్తాడని మా సరిత మేడం పిలుచుకొచ్చింది. మేడం బళ్లో ఆటలు నేర్పే టీచరు, క్లబ్బుకు పెద్ద దిక్కు. మామ మొదటిసారి కయాక్‌లో దిగి కూర్చుని కాసేపు అటూ ఇటూ చూశాడు.

"గిది అచ్చం మా గుంటమగ్గం లెక్కనే ఉన్నది" అన్నాడు. "కాళ్లు లోపట, చేతులు పైన."

"అయితే నేసుకుంట పో మామా, దిగేటప్పటికి లుంగీ అయితది" అన్నాను.

అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. ఊరు ఖాళీ చేసేటప్పుడు ఇంటి దర్వాజలు తెచ్చుకున్నారట. దూలాలు తెచ్చుకున్నారట. "మగ్గం ఇప్పి తెచ్చినం గని, గుంట ఎట్ల తెస్తం అల్లుడా?" వాళ్ల తాత తవ్విన గుంట. వాళ్ల బాపు జీవితమంతా అందులో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. దానికి నేను ఏదో జోకు వేయాలనుకున్నాను. రాలేదు. నాకు జోకు రాకపోవడం అరుదు, అందుకే గుర్తుంది.

చలికాలం అది. ఒక ఆదివారం సాయంత్రం అయిదున్నరకల్లా అందరం ఒడ్డుకు రావాలి. వచ్చాం. మామ రాలేదు. వెనకే వస్తున్నాడనుకున్నాం. గాలి లేచింది. పొద్దు గుంకింది.

కాసేపటికి మామ కయాక్ వచ్చింది.

మామ లేడు.

ఖాళీ పడవ... అలల మీద మెల్లగా అడ్డం తిరుగుతూ... ఎవరో తోసి పంపినట్టు వచ్చి ఒడ్డుకు తగిలింది. మామ ఫోను దాన్లోనే ఉంది, సంచీలో. అది మోగుతోంది. వాళ్లావిడ. మేం ఎవరం ఎత్తలేదు.

అప్పుడే దూరంగా విజిల్ వినపడింది. ఒక్కసారి. సన్నగా. మా లైఫ్ జాకెట్లకు విజిల్ కట్టి ఉంటుంది. అంటే మనిషి ఉన్నాడు.

"మామకు షుగర్ ఉన్నది. పగటీలి బువ్వ కూడ సరిగ తినలే" అంది మేడం. మాట వేగంగా వచ్చింది. "తడిసిన బట్టలు. గీ సలికి గంట కూడ ఆగడు రవీ."

చేపలు పట్టేవాళ్లకు ఫోను చేసింది. మోటారు పడవ అవతలి ఒడ్డున ఉంది, రావడానికి గంట పైనే పడుతుందన్నారు. మేడం భుజం ఆ వారమే బెణికింది. మిగిలిన ఇద్దరూ కాలేజీ పిల్లలు, పగలే పడవ తిప్పడం రాదు. ఇక మిగిలింది ఎవరు? ట్రాలీ కొండీ తెలిసిన మహానుభావుడు.

రెండు సీట్ల కయాక్ తీశాను. పోయేటప్పుడు వెనక సీట్లో నేను. వచ్చేటప్పుడు ముందు సీట్లో మామ. లెక్క అంతే.

ఇక్కడొక సంగతి చెప్పాలి. రెండు సీట్ల పడవను వెనక ఒక్కడే కూర్చుని నడిపితే ముక్కు పైకి లేస్తుంది. లేచిన ముక్కు గాలికి నిలవదు, చేటలాగా అటొకసారి ఇటొకసారి తిరిగిపోతుంది. అందుకే ముందు సీట్లో ఇరవై లీటర్ల నీళ్ల క్యాను పెట్టుకుంటాం. ఆ రోజు కూడా ఉంది. నేనే తీసి ఒడ్డున పారేశాను.

"అది ఉంచు రవీ. ముంగట బరువు లేకపోతె ఆగది" అంది మేడం.

"మామ కూసునే జాగల క్యానెందుకు మేడం? బరువు లేకపోతె జల్ది పోత" అన్నాను.

తెలివి. నా తెలివి వల్లే కదా తొమ్మిదో తరగతిలో ఆగిపోయాను.

తలకు లైటు కట్టుకున్నాను. జేబులో రెండు పల్లిపట్టీలు వేసుకున్నాను. బయలుదేరాను.

ఎదురుగాలి. ముక్కు పైకి లేచి ప్రతి అలనూ చెంపదెబ్బ కొట్టినట్టు కొడుతోంది. టప్... టప్... టప్... నీళ్లు మొహం మీద చింది గడ్డకట్టించేస్తున్నాయి. పది తెడ్లు వేస్తే ఆరు పడవను సరిచేయడానికే సరిపోతున్నాయి. ఒడ్డున మేడం ఫోను లైటు చిన్నదైంది. తర్వాత చుక్కంత అయింది.

"మామా!" అని అరిచాను.

గాలి తప్ప ఏం లేదు.

తాటి మొద్దులు మొదలయ్యాయి. లైటు వెలుగులో ఒక్కొక్కటే వస్తున్నాయి. నల్లగా... తలల్లేకుండా... నీళ్లలోంచి. వాటి మధ్య ముక్కు తిరిగితే పని అయిపోయినట్టే. మొద్దుకు గుద్దుకుంటే బోల్తా. ఒక విసురు గాలి తోసింది. పడవ పూర్తిగా అడ్డం తిరిగింది. చేతులు మండుతున్నాయి. క్యాను గుర్తొచ్చింది. నన్ను నేనే తిట్టుకున్నాను, ఆ తిట్లు ఇక్కడ చెప్పలేను.

అప్పుడు...

చప్పుడు ఆగింది.

గాలి చప్పుడు కాదు. గాలి చెవుల్లో అలాగే ఉంది. ముక్కు చప్పుడు. ఆ టప్ టప్... ఒకసారి కొట్టింది. ఇంకోసారి కొట్టాల్సింది.

కొట్టలేదు.

పడవ నా కింద కొంచెం ముందుకు వంగింది. మెల్లగా. ఊపు లేదు, కుదుపు లేదు. ఎక్కేవాళ్లు పద్ధతి తెలిసినవాళ్లయితే పడవ ఎలా దిగుతుందో అలా. ముక్కు నీళ్లలో కూర్చుంది. అలలను కోసుకుంటూ పోవడం మొదలుపెట్టింది. సర్‌ర్‌ర్... సర్‌ర్‌ర్... ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. ఇద్దరు కూర్చుంటే వచ్చే చప్పుడు అది.

నేను తెడ్డు ఆపాను.

తల ఎత్తాను. లైటు ముందు సీటు మీద పడింది. నల్లటి సీటు. తడి మెరుస్తోంది. బెల్టు పక్కకు వేలాడుతోంది. ఎవరూ లేరు. చాలాసేపు చూశాను... ఎంతసేపో తెలియదు. ఎవరూ లేరు.

పక్కకు వంగి చూశాను. మా పడవ పొడుగునా పసుపు గీత ఒకటుంటుంది. ముందు సీటు ఖాళీగా ఉంటే ఆ గీత అక్కడ నీళ్లకు పైన నాలుగు వేళ్ల ఎత్తున కనపడాలి. మనిషి కూర్చుంటే మునుగుతుంది.

మునిగి ఉంది.

భయపడ్డావా అని అందరూ అడుగుతారు. నిజం చెప్తున్నాను, అప్పుడు కాలేదు. మొదట వచ్చిన ఆలోచన... పడవకు కన్నం పడింది, ముక్కులోకి నీళ్లెక్కాయి అని. మెకానిక్ బుర్ర కదా. రెండో ఆలోచన, ఎక్కితే నీళ్లు మెల్లమెల్లగా ఎక్కాలి, ఇలా ఒక్కసారి కాదు కదా అని. మూడో ఆలోచన రాకముందే నోరు లేచింది. నాకు నోరు ముందు పుట్టి తర్వాత నేను పుట్టాను.

"కూసుంటె కూసున్నవ్ గని... జర తెడ్డన్న ఎయ్యరాదు?" అన్నాను.

జవాబేం రాలేదు. వస్తే ఈ కథ చెప్పడానికి నేనుండేవాణ్ణి కాదేమో.

విజిల్ కుడివైపు నుంచి వచ్చిందని నా లెక్క. కుడికి తిప్పాను. పడవ తిరగలేదు. ఎడమ వైపు గట్టిగా నాలుగు తెడ్లు లాగాను. ముక్కు కొంచెం జరిగి మళ్లీ గాలికి ఎదురుగా వచ్చి నిలబడింది. ఇంకోసారి. అంతే. సరే పో అనుకున్నాను. నేను తోస్తున్నాను... అది పోతోంది. మొద్దులు రెండు పక్కలా దాటిపోతున్నాయి. ఒక్కదానికీ తగలలేదు.

లైటులో వాటర్ ట్యాంకు కనపడింది. దాని ఇనుప మెట్ల మీద మామ. ఒక చేయి మెట్టుకు మెలేసుకుని, మోకాళ్ల దాకా నీళ్లలో. పళ్లు టకటకమంటున్నాయి.

"మామా! ఇంటికి పోదాం నడువ్, అత్త ఫోన్ కొడ్తున్నది" అన్నాను.

"ఇల్లు గీడనే ఉన్నది..." అన్నాడు. వేలు కిందికి చూపించాడు. "గీ ట్యాంకి ఎన్కనే. సూద్దామని వంగిన. పడ్డ." మాట ముద్దగా వస్తోంది. షుగర్ దిగినవాళ్ల మాట అలాగే ఉంటుంది.

పట్టీ నోట్లో పెట్టాను. నమిలాడు. పడవను మెట్టుకు ఆనించి, తెడ్డు అడ్డం పెట్టి, "దిగు మామా, పైలంగ" అన్నాను. మనిషి దిగుతుంటే ముక్కు ఒక్కసారి కిందికి పోతుంది, ఊగుతుంది. దానికి సిద్ధంగా నడుము బిగించుకుని కూర్చున్నాను. మామ ఒక కాలు పెట్టాడు. రెండో కాలు పెట్టాడు. కూర్చున్నాడు.

పడవ కదలలేదు.

ఒక్క వేలు కూడా దిగలేదు. పసుపు గీత ముందు ఎంత మునిగి ఉందో అంతే ఉంది. బక్కవాడే గానీ మామ కూడా మనిషే కదా.

అప్పుడు భయమైంది. ఇప్పుడు అడగండి, చెప్తాను. అప్పుడు బాగా అయింది.

గాలి వెనక నుంచి తోస్తుంటే ఒడ్డుకు వచ్చాం. దారి పొడుగునా మామ సీట్లో ఒక పక్కకు ఒదిగి, మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. బస్సులో ఇద్దరి సీట్లో ముగ్గురు కూర్చుంటే కిటికీ వైపు మనిషి ఎలా కూర్చుంటాడో... అలా. ఆ సీటు మా మేడం కొలతకు తెప్పించింది. మామలాంటి వాళ్లు ఒకటిన్నర మంది పడతారు.

ఒడ్డున అందరూ నీళ్లలోకి పరుగెత్తుకొచ్చారు. మామను ఎత్తి కారులో వేశారు. కరీంనగర్ ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించారు. ఇంకాసేపు ఆగితే కష్టమయ్యేదన్నాడు డాక్టరు. తెల్లారేసరికి మామ లేచి కూర్చుని ఇడ్లీ తిన్నాడు, చట్నీ బాగాలేదని నర్సును కోప్పడ్డాడు కూడా. బతికాడని అప్పుడు నమ్మాను.

"అట్ల ముడుసుకోని ఎందుకు కూసున్నవ్ మామా పడవల?" అని అడిగాను.

ఇడ్లీ ముక్క తుంచాడు.

"ఇరుకుండె" అన్నాడు. ఇంకో ఇడ్లీ తీసుకున్నాడు.

మళ్లీ అడగలేదు నేను.

అదే రోజు పోయి పడవ ముందు అర మూత తీసి చూశాను. పొడిగా ఉంది. ఒక స్పాంజీ, ఒక తాడు. అంతే. బోర్లించి, నీళ్లు పోసి, ప్రతి అతుకూ చూశాను. కన్నం లేదు. మేడంకు చెప్తే "గాలి తగ్గి ఉంటది రవీ, అందుకే ముక్కు సప్పుడు ఆగింది" అంది. నిజమే కావచ్చు. కానీ అదే సమయంలో ఒడ్డున వాళ్ల టార్పాలిన్ గాలికి ఎగిరి తుమ్మ చెట్టుకు చిక్కుకుందట. మామ పడవ గాలికి కొట్టుకొచ్చింది కాబట్టి మామ గాలికి ఎదురుగానే ఉంటాడని, పడవ అటే పోయిందంటే వింతేం లేదని కూడా అంది. అదీ నిజమే. నాకు తట్టని లెక్క. ముక్కు బరువుగా ఉంటే పడవ గాలికి ఎదురు తిరుగుతుంది, అది ఎవరైనా చెప్తారు.

ముక్కు ఎందుకు బరువుగా ఉందో మాత్రం ఎవరూ చెప్పరు.

మామ ఇప్పటికీ ఆదివారాలు వస్తాడు. ఆ పడవలో ముందు సీట్లోనే కూర్చుంటాడు. అతను కూర్చోగానే పసుపు గీత మునుగుతుంది. లేవగానే తేలుతుంది. ప్రతిసారీ చూస్తాను. తప్పదు. ఈ సంగతి క్లబ్బులో అందరికీ చెప్పాను, మీకూ చెప్తున్నాను. మామకు తప్ప.

చెప్తే అతను అడిగే మాట ఏంటో నాకు తెలుసు, ఆ బరువు ఎక్కడ ఎక్కింది, ఎక్కడ దిగింది అని. ఎక్కడ ఎక్కిందంటే చూపిస్తాను... తాటి మొద్దులు మొదలైన చోట, నాలుగైదు మొద్దులు దాటాక. కానీ ఆ రాత్రి ఒడ్డు తగలగానే అందరం మామ చుట్టూ మూగాం. పడవ వైపు ఎవరూ చూడలేదు. నేనూ చూడలేదు. గీత ఎప్పుడు తేలిందో... అసలు ఆ బరువు ఒడ్డు దాకా వచ్చిందో, దారిలోనే దిగిపోయిందో...

నాకు తెలియదు.