తీయించని రెండు లింకులు

పోయిన శుక్రవారం తెల్లవారుజామున ఆసుపత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసి, "నాన్న పోయినాడు" అని ఒక్క మాట చెప్పి పెట్టేశారు. దీపం వెలిగించబోతున్న నేను అగ్గిపెట్టె పక్కన పెట్టేశాను.

పలకరించడానికి వచ్చిన బంధువులందరిదీ ఒకటే మాట. "ఆడి కృత్తికకు ఆయన సైకిలు తొక్కకుండా తిరుత్తణి చేరిన ఏడాది ఉందా?" నేను కాఫీ గ్లాసులు అందిస్తూ ఊరుకున్నాను. అలాంటి ఏడాది ఒకటి ఉంది. మామగారు దాన్ని ఏనాడూ దాచలేదు. ఆయన దాచనిదాన్ని నేను దాచినట్టయింది. ఆ సిగ్గు ఈ నాలుగు రోజులుగా నన్ను నిద్రపోనివ్వడం లేదు. అందుకే రాస్తున్నాను.

మా ఆయన చిన్నతనంలో పెద్ద జబ్బు చేసి బతికినందుకు మామగారు మొక్కిన మొక్కు అది. ఏటా తమిళుల ఆడి నెలలో కృత్తిక నాడు, మా తిరువళ్ళూరు నుంచి తిరుత్తణి కొండ మీది మురుగన్ స్వామికి పూలు సైకిలు మీదే తీసుకుపోవాలి. మేము రైలెక్కి ముందే చేరి కొండ కింద కాచుకునేవాళ్ళం. మామగారు పూలబుట్ట మీద తడిగుడ్డ కప్పి, దారిలో గుడి కనబడినచోటల్లా ఒకసారి బెల్లు కొట్టుకుంటూ వచ్చేవారు. "మనం వస్తా ఉండేది స్వామికి తెలియాల గదమ్మా" అనేవారు.

నాలుగేళ్ళ కింద ఆయన మోకాళ్ళు మొరాయించాయి. తొక్కడం తేలికవుతుందని పెడళ్ళ దగ్గరి పళ్ళ చక్రం తీయించి చిన్నది వేయించుకున్నారు. ఆ రోజు కూరగాయలకు పోతూ నేనూ ఆ సైకిలు రిపేరు అంగడి దగ్గర ఆగాను.

"మామా, చక్రం చిన్నదయితే చైను పొడవైపోతాది. రెండు లింకులు తీసేయాల" అన్నాడు అంగడాయన.

"ఆయుధ పూజకు బొట్టు పెట్టిన చైనురా. ఆడి నెల్లో తెంచమంటావా? వెనక చక్రం ఇంకొంచెం లాగి బిగించు."

"కొసాకూ లాగేసినా. అయినా యాలాడతా ఉంది చూడు. మురుగన్ నెమలి మీద పోతాడు మామా, ఆయనకు చైను సంగతి యాడ తెలుసు? అక్కా, నువ్వన్నా చెప్పు!"

నేను చెప్పింది ఇది: "పూజ చేసిన వస్తువు, అన్నా. ఈ నెల పోనీ."

కృత్తిక రోజు కొండ కింద ఎంత కాచుకున్నా బెల్లు వినబడలేదు. ఎండ ఎక్కింది. చివరికి ఒక టమాటాల వ్యాను వచ్చి ఆగింది. "తాతా, తిరుత్తణి వందాచ్చు, ఇరంగు!" అని, ఊరొచ్చింది దిగమని డ్రైవరు తమిళంలో కేకేశాడు. వెనక నుంచి మామగారు దిగారు, తర్వాత సైకిలు. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా చైను ఊడిందట. ఎక్కించినప్పుడల్లా చేతులకు గ్రీజు అంటుకుంది. ఆ చేతులతో గుడ్డను ముట్టి మళ్ళీ తడపలేక, అది ఆరిపోయి పూలు వడలడం మొదలయ్యాక, వ్యానుకు చెయ్యి ఎత్తారట.

"మామా, ఈ నెల పోనీ అన్నది నేనే" అన్నాను.

"నువ్వేమి చేస్తావమ్మా, తొక్కేది నేను. పూలు స్వామివి, వాడిపోకూడదు. మాట నాది, అది పోయింది. ఈ చేతుల్తో నేను పైకి రాను. నువ్వు తీసుకుపో."

ఆ సాయంత్రం వీధిలో అడిగినవారికీ అడగనివారికీ "ఈసారి వ్యాన్లో పోయినా" అని తనే చెప్పారు. ఒకరిద్దరు నవ్వారు, ఆయనా నవ్వారు. ఆడి గడవగానే పోయి రెండు లింకులు తీయించారు. ఆ తర్వాత నిరుటి దాకా సైకిలు మీదే వెళ్ళారు. అయినా ఎవరైనా పొగిడితే "ఒక ఏడు తప్పింది" అని సరిదిద్దేవారు. ఇప్పుడు సరిదిద్దడానికి ఆయన లేరు. నేనున్నాను.

ఆ రోజు కొండ మీద పూలిచ్చి నేను కిందికి దిగేసరికి ఆయన సైకిలు పక్కన నేల మీద కూర్చుని మట్టితో చేతులు రుద్దుకుంటున్నారు. నలుపు పోలేదు. విభూతి పొట్లం విప్పితే రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు. కోడలిని, అంతవరకూ ఆయన నుదుటిని తాకినదాన్ని కాను. ఆయన చిన్నపిల్లాడిలా కళ్ళు మూసుకుని తల ముందుకు వంచారు. కావళ్ళు మోసేవాళ్ళు మా ఇద్దరినీ తప్పించుకుంటూ పైకి పోతూనే ఉన్నారు.